రెండు తీరాల నల్ల ఇసుక

గ్రేమౌత్ ఊరు దాటి ఉత్తరానికి ఆరో నంబరు హైవే మీద బయలుదేరితే ఎడమ పక్క సముద్రం, కుడి పక్క పాపరోవా కొండలు. మధ్యలో మెలికలు తిరిగే రోడ్డు. అరగంట వెళ్ళాక కొండలు కాస్త వెనక్కి జరుగుతాయి. కొండకీ సముద్రానికీ మధ్య సన్నటి పచ్చిక మైదానం కనిపిస్తుంది. ఆవులు మేస్తుంటాయి. ఒక హాలు, కొన్ని ఇళ్ళు, ఇంకొన్ని కంచెలు. ఇదే బ్యారీటౌన్. న్యూజీలాండ్ దక్షిణ ద్వీపంలో పడమటి తీరం. మన సంఘంవాళ్ళు చాలామంది ఈ ఊరి పేరు కూడా విని ఉండరు. నేనూ వినలేదు, నా మేనకోడలు చెప్పేదాకా.

ఆ పిల్ల క్రైస్ట్‌చర్చ్‌లో భూగర్భ శాస్త్రం చదువుతోంది. ఇది ఆఖరి ఏడు. పశ్చిమ ఆస్ట్రేలియాలో సముద్రపు ఇసుక నుంచి ఖనిజాలు తీసే ఒక కంపెనీకి ఉద్యోగం కోసం రాసింది. వాళ్ళు రమ్మన్నారు. మా చెల్లెలికి అది నచ్చలేదు. "ఆ ఇసుకలో రేడియేషన్ ఉంటుందట అన్నయ్యా, నువ్వైనా చెప్పి ఆపు" అని ఫోన్ చేసింది. సరే, చెబుదామని నేను ఆక్లాండ్ నుంచి వెళ్ళాను. మే నెల. గిర్మిట్ దినం జరుపుకుని అప్పటికి వారమే అయింది.

క్రైస్ట్‌చర్చ్ నుంచి గ్రేమౌత్‌కి రైలు ఉంది. మైదానాలు, మంచు కొండలు, సొరంగాలు, తడి అడవులు. దాదాపు అయిదు గంటల ప్రయాణం. దారంతా నేను ఏం చెప్పాలో మనసులో వల్లె వేసుకున్నాను. మేనకోడలు మాత్రం ఒక మాటే అంది. "మావయ్యా, ముందు ఇసుక చూడు. తర్వాత తిట్టు."

బ్యారీటౌన్ తీరంలో ఇసుక ఒకే రంగులో ఉండదు. బూడిద రంగు మీద నల్లటి చారలు, వాటి పక్కన ఎర్రటి చారలు. ఎవరో ముగ్గు వేసి చెరిపినట్టు ఉంటుంది. నేను అక్కడే ఆగిపోయాను. అలాంటి ఇసుకను నేను అంతకుముందు చూశాను. ఆరేళ్ళ కిందట భీమిలిలో.

మా ముత్తాత ఫిజీకి వచ్చినప్పుడు ఇచ్చిన ఎమిగ్రేషన్ పాస్ నకలు మా ఇంట్లో ఉంది. అందులో జిల్లా దగ్గర విశాఖపట్నం, తాలూకా దగ్గర భీమునిపట్నం అని రాసి ఉంది. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు నుంచి ఓడల్లో దాదాపు 15 వేల మంది గిర్మిట్ మీద ఫిజీకి వచ్చారు. వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది విశాఖ, గంజాం, గోదావరి వైపువాళ్ళు. మా నాయనమ్మ చెప్పేది, "మా మావ ఊరి ఇసుక నల్లగా ఉండేదట, మధ్యాహ్నం కాలు పెడితే పెనం మీద పెట్టినట్టేనట" అని. ఆ మాట నిజమో, ఊరి మీద బెంగతో ముసలాయన కల్పించినదో మాకు తెలీదు. భీమిలి వెళ్ళి చూశాక నమ్మాను. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట తడి ఇసుక మీద అవే నల్లటి చారలు, అవే ఎర్రటి చారలు.

"రెండు చోట్లా ఒకటేనా?" అని అడిగాను.

"ఒకటి కాదు, చుట్టాలు" అంది మేనకోడలు. అక్కడే ఇసుక మీద చతికిలబడి పాఠం మొదలుపెట్టింది. ఆమె తెలుగు నెమ్మదిగా వస్తుంది, కానీ తప్పకుండా వస్తుంది. మాట దొరక్కపోతే చేత్తో చూపిస్తుంది.

కొండల్లో రాయి ఉంటుంది. ఎండకీ వానకీ మంచుకీ పగిలి పొడి అవుతుంది. ఆ పొడిని నదులు సముద్రానికి చేరుస్తాయి. భీమిలి దగ్గర ఆ కొండలు తూర్పు కనుమలు. అక్కడి రాయి పేరు ఖొండలైట్. ఆ కొండల్లో ఉండే ఖోండు ప్రజల పేరు మీద పెట్టిన పేరు. ఇక్కడ ఆ కొండలు దక్షిణ ఆల్ప్స్. నదులు తెచ్చిన ఇసుకను అలలు ఒడ్డు మీద వేలాది ఏళ్ళు కడుగుతాయి. తేలిక గింజలు కొట్టుకుపోతాయి. బరువు గింజలు మిగిలిపోతాయి.

"ఇంట్లో అమ్మమ్మ బియ్యం ఎలా కడుగుతుంది మావయ్యా? గిన్నెలో నీళ్ళు పోసి తిప్పుతుంది కదా. రాళ్ళు అడుగుకి పోతాయి. దానికి తెలుగులో ఏదో మాట ఉంది."

"గాలించడం" అన్నాను.

"అదే. సముద్రం ఇసుకను గాలిస్తుంది."

ఆ మాట ఆమెకు ఎంత నచ్చిందంటే, ఆ రోజంతా వాడుతూనే ఉంది. బంగారం కోసం వచ్చినవాళ్ళు కూడా ఇక్కడ ఇసుకనే గాలించారు. 1860లలో ఈ తీరానికి బంగారం కోసం జనం విరగబడ్డారు. ఆ తర్వాత డ్రెడ్జర్లు వచ్చాయి. బంగారం తీసుకున్నారు, నల్ల ఇసుకను పారబోశారు.

మేనకోడలు సంచిలోంచి ఒక స్టీలు పళ్ళెం, ఒక చిన్న అయస్కాంతం, భూతద్దం తీసింది. పళ్ళెంలో ఇసుక వేసి గాలించింది. అడుగున మిగిలిన నల్ల ఇసుకను ఆరబెట్టింది. అయస్కాంతానికి ప్లాస్టిక్ సంచి తొడిగి దగ్గర పెట్టింది. నల్ల గింజలు కదిలి అంటుకున్నాయి. అవి ఇల్మనైట్. ఇనుము, టైటానియం కలిసిన ఖనిజం. గోడలకు వేసే తెల్ల రంగు, కాగితానికీ ప్లాస్టిక్‌కీ తెల్లదనం ఇచ్చే పొడి దీని నుంచే వస్తాయి. ఎర్ర గింజలు గార్నెట్. మన నవరత్నాల్లోని గోమేదికం ఈ జాతిదే. ఈ రెండే బ్యారీటౌన్ ఇసుకలో ముఖ్యమైన సరుకు. వాటి తర్వాత జిర్కాన్ కొద్దిగా ఉంటుంది. అన్నిటికంటే తక్కువగా, తేనె రంగు గింజలు అక్కడొకటి అక్కడొకటి ఉంటాయి.

"ఇది చూడు" అని భూతద్దం ఇచ్చింది. ఆవగింజలో పదో వంతు ఉంటుందేమో. పసుపూ కాదు, గోధుమా కాదు. బెల్లం పాకం చుక్క గడ్డకట్టినట్టుంది. "ఇది మోనజైట్ కావచ్చు. ల్యాబులో చూడకుండా గట్టిగా చెప్పలేను."

మోనజైట్ అనే పేరు పెట్టింది బ్రైట్‌హాప్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త, 1829లో. గ్రీకు భాషలో ఒంటరిగా ఉండటం అనే మాట నుంచి పెట్టాడు. నీటి కంటే దాదాపు అయిదు రెట్లు బరువు. రసాయనంగా చూస్తే ఇది ఒక ఫాస్ఫేట్. సీరియం, లాంతనం, నియోడిమియం అనే లోహాలు ఇందులో ఉంటాయి. వాటితో పాటు థోరియం ఉంటుంది. సీరియం మొదలైనవాటిని రేర్ ఎర్త్ మూలకాలు అంటారు. మొత్తం 17. పేరులో అరుదు అని ఉంది కానీ అవి అంత అరుదు కాదు. భూమి పొరలో రాగి ఎంత ఉందో సీరియం కూడా సుమారు అంతే ఉంది. కష్టం ఎక్కడంటే, అవి ఒకచోట కుప్పగా దొరకవు. దొరికినా ఒకదాన్నొకటి వదలవు. ఒకే తల్లి పిల్లల్లాంటివి. వాటిని విడదీయడమే అసలు పని.

ఈ గింజ ఎందుకు పనికొస్తుంది అని నేను అడగలేదు. అడగకుండానే చెప్పింది, అయస్కాంతం నా చేతిలో పెట్టి.

"ఇది నియోడిమియం అయస్కాంతం. అంటే ఈ ఇసుకను పట్టుకున్నది మోనజైట్ లాంటి గింజ బిడ్డే."

1980లలో జపాన్‌లోనూ అమెరికాలోనూ విడివిడిగా కనిపెట్టిన అయస్కాంతం ఇది. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి చేస్తారు. వేలెడు ముక్క కిలోలకు కిలోల బరువు లాగుతుంది. అందుకే మోటారును చిన్నగా చెయ్యవచ్చు. మీ ఫోన్ స్పీకరులో ఇది ఉంది. ఎలక్ట్రిక్ కార్ల మోటార్లలో ఉంది. పెద్ద గాలిమరల్లో చాలావాటిలో ఉంది. మిగతా తోబుట్టువులకూ పనులున్నాయి. సీరియం పొడితో అద్దాలు మెరుగు పెడతారు. కారు పొగను శుభ్రం చేసే పరికరంలోనూ సీరియం వాడతారు. లాంతనం కెమెరా అద్దాల్లోకీ, ముడి చమురును పెట్రోలుగా మార్చే కర్మాగారాల్లోకీ వెళ్తుంది. సిగరెట్ లైటరులో నిప్పురవ్వ వచ్చే రాయి ఉంటుంది కదా, దాంట్లో ఉన్నదీ సీరియమే, ఇనుముతో కలిసి.

ఇవన్నీ కొత్త పనులు. నాకు తెలిసిన పాత పని ఒకటుంది. దాని గురించి మేనకోడలికి నేనే చెప్పాను.

నా చిన్నప్పుడు ఫిజీలో, చెరకు తోటల మధ్య మా ఇంటికి కరెంటు లేదు. పెళ్ళి జరిగినా, పూజ జరిగినా పందిట్లో పెట్రోమాక్స్ దీపం వేలాడదీసేవాళ్ళు. కొందరు బెంజిన్ లైటు అనేవాళ్ళు. దీపం మధ్యలో చిన్న గుడ్డ సంచి ఉండేది. మాంటిల్ అనేవాళ్ళం. మొదటిసారి వెలిగించినప్పుడు గుడ్డ కాలిపోయేది, కానీ ఆకారం మాత్రం తెల్ల బూడిదలా నిలబడేది. ఆ బూడిదే పట్టపగల్లా వెలిగేది. ఊపిరి ఊదితే రాలిపోయేది. పిల్లలం దగ్గరికి వెళ్తే నాన్న కసిరేవాడు. పందిరి గుంజ దగ్గర నాయనమ్మ కూర్చుని ఆ వెలుగులో ముఖాలు చూసి చుట్టరికాలు చెప్పేది. నేను నేర్చిన తెలుగు సగం ఆ వెలుగులో నేర్చినదే.

"ఆ బూడిద ఏమిటో తెలుసా మావయ్యా?" అంది మేనకోడలు. నాకు తెలీదు.

అది థోరియం ఆక్సైడ్. నూటికి 99 పాళ్ళు థోరియం, ఒక పాలు సీరియం. ఆస్ట్రియా దేశస్థుడు ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ 1890లలో ఈ పాళ్ళు కుదిర్చాడు. దాంతో లోకమంతా మోనజైట్ కోసం వెతికింది. మొదట బ్రెజిల్ నుంచి, అమెరికాలోని కరోలినా నుంచి తెచ్చేవారు. 1909లో షోంబర్గ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త తిరువాన్కూరు సంస్థానం నుంచి వచ్చిన కొబ్బరి పీచుకు అంటుకున్న ఇసుకను పరీక్షించాడు. అందులో మోనజైట్ ఉంది. అంతే, కన్యాకుమారి దగ్గర మనవాలకురిచిలో తవ్వకం మొదలైంది. ఎవరూ పంపకుండానే తాళ్ళకు అంటుకుని సముద్రం దాటిన ఇసుక అది.

అవే సంవత్సరాల్లో మద్రాసు డిపోలో మా ముత్తాత ఓడ కోసం ఎదురుచూశాడు. ఆయన కాళ్ళకు అంటుకున్న ఇసుకను ఎవరూ పరీక్షించలేదు. పరీక్షించి ఉంటే అందులోనూ అదే గింజ కనిపించేది. భారత ప్రభుత్వ అణు ఖనిజాల విభాగం లెక్కల ప్రకారం దేశంలో మోనజైట్ దాదాపు 1 కోటీ 30 లక్షల టన్నులు ఉంది. అందులో 37 లక్షల టన్నులకు పైగా ఆంధ్రప్రదేశ్‌లోనే, అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. భావనపాడు, కళింగపట్నం, శ్రీకూర్మం, భీమునిపట్నం. మన పెద్దల పాస్‌ల మీద కనిపించే ఊళ్ళ పక్కనే ఈ ఇసుక ఉంది. పక్కనే ఒడిశాలో, పాత గంజాం జిల్లా ఛత్రపురంలో, 1980ల నుంచి ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ ఇసుక తవ్వి ఖనిజాలు తీస్తోంది. భారతదేశంలో మోనజైట్‌ను అణు ఖనిజంగా చూస్తారు. 2019 నుంచి ఇలాంటి తీరపు ఇసుకను తవ్వే హక్కు ప్రభుత్వ సంస్థలకే ఉంది.

"కాబట్టి రేడియేషన్ మాట నిజమే కదా" అన్నాను. నేను వచ్చిన పని అప్పుడు గుర్తొచ్చింది.

"నిజమే" అంది. దాచలేదు. ఆ నిజాయితీకే నేను సగం మెత్తబడ్డాను.

ఆమె చెప్పింది ఇలా ఉంది. థోరియం రేడియేషన్ ఇస్తుంది. చాలా నెమ్మదిగా తరుగుతుంది. సగం తరగడానికి సుమారు 1,400 కోట్ల ఏళ్ళు పడుతుంది. ఒడ్డున గుప్పెడు ఇసుక పట్టుకుంటే భయం లేదు. కానీ గింజలను ఏరి కుప్ప పోసినప్పుడు రేడియేషన్ కూడా కుప్ప పడుతుంది. ఆ కుప్ప దుమ్మును రోజూ పీల్చేవాడికి ప్రమాదం. ఏరడం ఎలాగంటే, ముందు నీటితో గాలిస్తారు. తర్వాత అయస్కాంతాలతో ఇల్మనైట్‌నూ గార్నెట్‌నూ లాగుతారు. విద్యుత్తుతో జిర్కాన్, మోనజైట్ లాంటివాటిని మిగతావాటి నుంచి వేరు చేస్తారు. మోనజైట్ విద్యుత్తును పోనివ్వదు, కానీ అయస్కాంతానికి కొంచెం లొంగుతుంది. ఆ గుణంతో జిర్కాన్ నుంచి విడిపోతుంది. ఆ తర్వాత కాస్టిక్ సోడాతో ఉడికిస్తారు. ఫాస్ఫేట్ వేరవుతుంది. మిగిలినదాన్ని ఆమ్లంలో కరిగించి థోరియంను పక్కకు తీస్తారు. ఆ పక్కకు తీసినదాన్ని ఎక్కడ పెడతారు, ఎవరు కాపలా కాస్తారు అన్నదే పెద్ద ప్రశ్న.

ఆ ప్రశ్నకు సరిగా జవాబు చెప్పకపోతే ఏమవుతుందో మన మలేషియా బంధువులకు తెలుసు. ఈపో దగ్గర బుకిట్ మేరా అనే ఊళ్ళో 1980లలో ఒక కర్మాగారం తగరం గనుల ఇసుక నుంచి మోనజైట్ తీసి రేర్ ఎర్త్‌లు తయారు చేసింది. థోరియం వ్యర్థాల గురించి ఊరివాళ్ళు 1985లో కోర్టుకు వెళ్ళారు. ఏళ్ళ తరబడి పోరాడారు. 1994లో కర్మాగారం మూతపడింది. శుభ్రం చేసే పని ఆ తర్వాత కూడా చాలాకాలం సాగింది.

సాయంత్రం నాలుగున్నరకు వెలుగు తగ్గింది. మేనకోడలు కారును కొండ వైపు తిప్పి, దీపాలు ఆర్పేసింది. "ఇప్పుడు పైకి చూడు" అంది.

చీకటి పడుతుండగా సముద్రం మీంచి పెద్ద నల్ల పక్షులు రావడం మొదలైంది. రెక్కల చప్పుడు వినిపించేంత దగ్గరగా మా మీంచి వెళ్ళి, చెట్ల మధ్య దబ్బున పడుతున్నాయి. వాటి పేరు తైకో. ఈ పక్షి లోకంలో ఇంకెక్కడా గుడ్లు పెట్టదు. బ్యారీటౌన్‌కీ పునకైకికీ మధ్య ఉన్న ఈ కొండల్లోనే, నేలలో బొరియలు తవ్వుకుని పెడుతుంది. ఉన్నవి కొన్ని వేల జంటలే. రాత్రి దీపాలు కనిపిస్తే దారి తప్పి రోడ్డు మీద పడిపోతుంది. పడితే సమతలం నుంచి మళ్ళీ ఎగరలేక కష్టపడుతుంది.

ఈ పక్షి సంగతి లోకానికి చెప్పింది బ్యారీటౌన్ బడి పిల్లలు. 1945లో రాబర్ట్ ఫాలా అనే పక్షి శాస్త్రవేత్త రేడియోలో మటన్‌బర్డ్‌ల గురించి ఒక పాఠం చెప్పాడు. అవి వేసవిలో గుడ్లు పెడతాయన్నాడు. పిల్లలు విని, "మా కొండ మీది పక్షి చలికాలంలో పెడుతుందే" అని ఉత్తరం రాశారు. ఆయన వచ్చి చూశాడు. అది ఎవరూ గుర్తించని రకం పక్షి. పాఠం చెప్పే పెద్దాయనకు పిల్లలు పాఠం చెప్పారు. తెలుగు నేర్చుకుంటున్న మన పిల్లలు ఈ కథను గుర్తుంచుకోవాలి. పెద్దవాళ్ళు చెప్పింది మీ కళ్ళు చూసినదానితో కలవకపోతే మర్యాదగా ఉత్తరం రాయండి.

ఈ మైదానంలో ఇసుక తవ్వాలని కంపెనీలు చాలాకాలంగా చూస్తున్నాయి. ఒక దరఖాస్తును 2022లో తోసిపుచ్చారు. ఇంకొకదానికి 2024లో షరతులతో అనుమతి ఇచ్చారు. రాత్రి దీపాలు, లారీల రాకపోకల మీద ఆ షరతులు ఉన్నాయి. తైకోల కోసమే. ఊళ్ళో అభిప్రాయాలు రెండుగా ఉన్నాయి. బొగ్గు గనులు మూతపడ్డాక ఈ తీరంలో పనులు తగ్గాయి. పిల్లలు ఊరు వదిలి వెళ్తున్నారు. వాళ్ళకు ఉద్యోగాలు కావాలి. ఇంకోపక్క పక్షులు, చిత్తడి నేలలు, ప్రశాంతమైన రోడ్డు కావాలనేవాళ్ళు ఉన్నారు. ఎవరినీ తప్పుపట్టలేం. 2025 జనవరిలో న్యూజీలాండ్ ప్రభుత్వం దేశానికి కీలకమైన 37 ఖనిజాల జాబితా ప్రకటించింది. రేర్ ఎర్త్‌లు అందులో ఉన్నాయి.

ఆ రాత్రి పునకైకిలో ఉన్నాం. పొద్దున్నే అక్కడి సున్నపురాయి బండలు చూశాం. పొరలు పొరలుగా, దోసెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. అక్కడ నేను ఇంకో మాట అడిగాను. "ఇక్కడ తవ్వితే ఆ ఇసుకను ఎక్కడ విడదీస్తారు?"

"బరువు గింజలను మాత్రమే ఇక్కడ వేరు చేస్తారు. ఆ ముడి సరుకును ఓడలో బయటి దేశానికి పంపాలనేది ఆలోచన. విడదీసేది అక్కడ."

నాకు వెంటనే చెరకు గుర్తొచ్చింది. ఆక్లాండ్‌లో బర్కెన్‌హెడ్ ఒడ్డున చెల్సీ చక్కెర ఫ్యాక్టరీ ఉంది. గులాబీ రంగు గోడలు. 1884 నుంచి నడుస్తోంది. ఫిజీలో మనవాళ్ళు కులంబర్ కేకల మధ్య నరికిన చెరకు అక్కడి మిల్లుల్లో ముడి చక్కెర అయ్యేది. ఆ ముడి చక్కెరలో కొంత ఓడెక్కి ఇక్కడికి వచ్చి తెల్ల చక్కెర అయ్యేది. చెమట ఒక ఒడ్డున, లాభం ఇంకో ఒడ్డున. ఖనిజాల కథ కూడా ఇదే. ఇసుక చాలా దేశాల్లో ఉంది. విడదీసే విద్య, అయస్కాంతం చేసే విద్య ఎక్కువగా చైనా చేతిలో ఉంది. అందుకే ఇప్పుడు అన్ని దేశాలూ కంగారు పడుతున్నాయి. విశాఖ దగ్గర 2023 మేలో రేర్ ఎర్త్ అయస్కాంతాల కర్మాగారం ఒకటి జాతికి అంకితం చేశారు. అక్కడ సమేరియం, కోబాల్టు అయస్కాంతాలు చేస్తారు. సమేరియం కూడా మోనజైట్ ఇంటి పిల్లే. చిన్న అడుగే. కానీ ఇసుక ఉన్న ఒడ్డునే విద్య కూడా ఉండాలనే ఆలోచన మంచిది.

పునకైకి నుంచి అదే రోడ్డు ఇంకా ఉత్తరానికి వెళ్ళి, తర్వాత బుల్లర్ నది లోయలోకి తిరుగుతుంది. ఈ తీరంలో ప్రభుత్వం 1940ల మధ్యలో, యుద్ధ సమయంలో, రహస్యంగా యురేనియం కోసం వెతికింది. డ్రెడ్జర్లు వదిలేసిన నల్ల ఇసుకను కూడా పరీక్షించారు. 1955లో ఇద్దరు ముసలి అన్వేషకులు ఈ లోయ రాళ్ళలో యురేనియం కనుగొన్నారు. అది గని దాకా వెళ్ళలేదు. తర్వాత 1987లో దేశం అణు రహిత చట్టం చేసుకుంది. అదే 1987లో ఫిజీలో సైనిక తిరుగుబాటు జరిగింది. ఆ తర్వాతే మా కుటుంబంలాంటివి వందలు, వేలు ఇక్కడికి వచ్చాయి. కొందరు ఆయుధాలకు తలుపు మూసిన దేశం అని విని వచ్చారు. చాలామంది మాత్రం తెలిసినవాళ్ళు ఉన్నారని వచ్చారు.

లోయ దాటి మధ్యాహ్నానికి నెల్సన్ ఊరి ముందు బ్రైట్‌వాటర్‌లో ఆగాం. 1871లో ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ ఇక్కడ పుట్టాడు. తల్లి పంతులమ్మ. తండ్రి బండి చక్రాలు చేసేవాడు, సేద్యం కూడా చేసేవాడు. పన్నెండుమంది పిల్లలు. ఇప్పుడు మన వంద డాలర్ల నోటు మీద ఆయన బొమ్మ ఉంది. రోడ్డు పక్కన స్మారకం ఉంది, చిన్నపిల్లాడి విగ్రహంతో.

"ఈయనకూ మన గింజకూ చుట్టరికం ఉంది" అంది మేనకోడలు. 1900 ప్రాంతంలో కెనడాలో రూథర్‌ఫర్డ్ పరిశోధించినది థోరియం మీదే. దీపాల మాంటిళ్ళ కోసం తయారవుతున్నందువల్ల ఆ రోజుల్లో అది తేలికగా దొరికేది. థోరియం నుంచి వచ్చే ఒక వాయువు నిమిషానికి సగం తరిగిపోతోందని ఆయన గమనించాడు. సగం తరిగే కాలం అనే లెక్క అక్కడ పుట్టింది. తర్వాత సాడీ అనే మిత్రుడితో కలిసి, ఒక మూలకం తనంతట తానే ఇంకో మూలకంగా మారుతుందని తేల్చాడు. 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. మా పందిట్లో వెలిగిన తెల్ల బూడిదలోని సరుకుతోనే ఆయన ఆ పని చేశాడు.

ఆ విగ్రహం దగ్గర బల్ల మీద కూర్చుని టీ తాగుతుండగా ఆ పిల్ల అడిగేసింది. "మావయ్యా, అమ్మ నిన్ను ఎందుకు పంపిందో నాకు తెలుసు. ఇప్పుడు చెప్పు. వెళ్ళనా, వద్దా?"

రెండు రోజులు నేను వల్లె వేసిన మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. ఫోన్ తీసి ముత్తాత పాస్ ఫొటో చూపించాను.

"గిర్మిట్ అంటే ఏమిటి?" అని అడిగాను.

"అగ్రిమెంటు. నోరు తిరక్క గిర్మిట్ అన్నారు."

"ఆ అగ్రిమెంటులో ఏముందో మా ముత్తాతకు తెలీదు. చదువు రాదు. ఎంత దూరమో తెలీదు, ఎంత పనో తెలీదు. వేలిముద్ర వేశాడు. నువ్వు చదువుకున్నావు. నువ్వు చదివి సంతకం పెట్టు. పెట్టే ముందు మూడు అడుగు. దుమ్ము ఎవరు పీలుస్తారు, దానికి ఏం జాగ్రత్తలు? పక్కకు తీసిన థోరియం ఎక్కడ పెడతారు, ఎన్నాళ్ళు కాపలా కాస్తారు? గొయ్యి పూడ్చి భూమిని మళ్ళీ ఎవరికి, ఎలా అప్పగిస్తారు? మూడింటికీ కాగితం మీద జవాబు ఇస్తే వెళ్ళు. ఇవ్వకపోతే నీ చదువుకు ఇంకో చోటు దొరుకుతుంది."

ఆమె ఆ మూడు ప్రశ్నలనూ తన నోటు పుస్తకంలో తెలుగులోనే రాసుకుంది. "పూడ్చడం" దగ్గర ఆగి, ఒత్తు ఎక్కడ పెట్టాలో అడిగింది. చెప్పాను.

సాయంత్రం నెల్సన్ విమానాశ్రయం నుంచి మా చెల్లెలికి ఫోన్ చేశాను. "ఆపావా?" అంది. "లేదమ్మా, అడగమన్నాను" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆ ప్రశ్నలు నాకూ పంపు, నేనూ చదువుతాను" అంది.

ఈ సంచిక అచ్చుకు వెళ్ళేనాటికి కంపెనీ నుంచి రెండింటికి జవాబు వచ్చింది. మూడోదాని కోసం మా మేనకోడలు ఇంకా సంతకం పెట్టకుండా ఎదురుచూస్తోంది.